చాయ్ అయినంకనే మిషన్

ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండేది కాదు. పిల్లలు బడికి తీసుకుపోయే రబ్బరు ముక్క ఉండేది. ఒక మూల అరిగిపోయి, ఒక పక్క పచ్చగా మరక పడి, ఎప్పుడు చూసినా అదే ముక్క.

"అందరి జేబులల్ల పెన్ను ఉంటది. నీ జేబుల గీ రబ్బరేంది కాకా?" అని నేనే ఒకసారి అడిగాను.

"రాసెటోళ్లు మస్తుగున్నరు బిడ్డా. తుడిచెటోడే దొరకడు" అన్నాడు.

ఈమధ్య ఆయన పోయాడని తెలిసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ రబ్బరు ముక్కే. ముఖం ఆ తర్వాత గుర్తొచ్చింది. మా ఆర్మూర్‌లో ఎవరైనా గట్టిగా తుమ్మితే సాయంత్రానికి వేల్పూర్‌లో తెలుస్తుంది. అలాంటిది ఈ మనిషి పోయిన కబురు నాకు చేరేసరికి పదోరోజు కూడా అయిపోయింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక ఆ రోజంతా ఇంట్లో గిన్నెల మీద కోపం చూపించాను.

పేరు రాయను. ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా తక్కువే. మొదట అందరూ రేడియో కాక అనేవాళ్లు. టీవీలు వచ్చాక టీవీ కాక అయ్యాడు. కంప్యూటర్లు వచ్చేనాటికి పేరు మార్చే ఓపిక ఎవరికీ లేక మళ్లీ రేడియో కాక అనే ఉంచేశారు. కంప్యూటరు పని ఎక్కడ నేర్చుకున్నాడో కూడా ఎవరూ గట్టిగా చెప్పలేరు. బహ్రెయిన్‌లో అని ఒకరు, బొంబాయిలో అని ఒకరు. ఆయన్ని అడిగితే "విప్పి నేర్చుకున్న" అనేవాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదు.

తొంభైల మధ్యలో మాట. మా ఆయన అప్పటికి దుబాయ్‌లో ఉన్నాడు. నేను బస్టాండు ఎదురు సందులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేదాన్ని. నాలుగు టైపు మిషన్లు, ఒక జిరాక్సు. తర్వాత హైదరాబాదు నుంచి ఒక పాత కంప్యూటరు తెప్పించి, బోర్డు మీద డీటీపీ అని కూడా రాయించాను. శుభలేఖలు, దుబాయ్ పోయేవాళ్ల బయోడేటాలు, బడి పరీక్ష పేపర్లు, అన్నీ అందులోనే. అది వచ్చిన మొదటి నెల నాకంటే గర్వంగా ఊళ్లో ఎవరూ నడిచి ఉండరు. రెండో నెలలో ఆ డబ్బా తెర మీద ఒక చిన్న పెట్టె వేసి, మెమరీ చాలడం లేదు, వేరే ప్రోగ్రాములు మూసి మళ్లీ ప్రయత్నించండి అని ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. మొదట మర్యాదగా రోజుకొకసారి చెప్పేది. తర్వాత గంటకొకసారి. చివరికి శుభలేఖలో వరుడి పేరు కొడితే వధువు పేరు కొట్టకముందే చెప్పేది.

అప్పుడు వచ్చాడు ఆయన. భుజానికి ఒక గుడ్డ సంచి, జేబులో రబ్బరు. వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మిషన్ వంక చూడనైనా చూడలేదు.

"చాయ్ చెప్పు బిడ్డా."

"మిషన్ చూడవా కాకా?"

"చాయ్ అయినంకనే మిషన్. నువ్వు గరమైనవ్, అది గరమైంది. ముగ్గురిల ఒక్కరన్న సల్లగుండాలె గద."

చాయ్ వచ్చింది. సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, గుక్క గుక్కకు ఆగుతూ తాగాడు. గ్లాసులో అడుగున మిగిలిన చుక్కను కూడా సాసర్లోకి వంచాడు. ఆ చాయ్ తాగడం ఎంతసేపంటే, అంతలో నేను ఒక దరఖాస్తు టైపు కొట్టి ఇచ్చేసేదాన్ని. తర్వాత సాసరు గోడవారకు జరిపి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని, అప్పుడు మిషన్ వైపు తిరిగాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా ఇదే వరస. ఎవరు పిలిచినా ఇంతే. పెద్దబజారులో ఒక సేటు ఈ చాయ్ గొడవ భరించలేక నిజామాబాద్ నుంచి వేరే మనిషిని పిలిపించుకుని, వారం తిరక్కుండా మళ్లీ చాయ్ పట్టుకుని ఈయన దగ్గరకే వచ్చాడు.

కొత్త మెమరీ వేయించాలేమో అని నేను భయపడుతూ అడిగాను. ఆయన నవ్వాడు.

"మెమరీ తక్కువ లేదు బిడ్డా. లోపల కూసున్నోళ్లు ఎక్కువైండ్రు. పెండ్లికి నువ్వు పిలిచింది పదిమందిని. వచ్చిండ్రు ముప్పైమంది. తిన్నోడు లేస్తలేడు. వచ్చినోనికి జాగ ఎక్కడిది?"

మిషన్ మొదలయ్యేటప్పుడు తనంతట తాను తెరుచుకునే వాటి జాబితా ఒకటి ఉంటుంది. దాన్ని తెర మీదికి తెచ్చి ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి నన్ను విచారించాడు. గీయన ఎవరు? ఏం పని చేస్తడు? ఎప్పుడన్న పిలిచినవా? నేను తెల్లముఖం వేస్తే ఆ వరుసకు ముందు ఒక చిన్న గుర్తు పెట్టేవాడు. గుర్తు పెడితే ఆ వరుస ఉంటుంది గానీ పనిచేయదు.

"తీసేయ్ కాకా, పీడ పోతది" అన్నాను.

"వెళ్లగొట్టద్దు. పక్కకు కూసోబెట్టాలె. రేపు ఏం అక్కరొస్తదో నీకు ఎర్కనా?"

తర్వాత నా తెర మీద బొమ్మ చూశాడు. మంచు కొండల బొమ్మ, నేను ఎంతో ఇష్టపడి పెట్టుకున్నది. "గీ మంచు గుట్టలు కూడ మెమరీ తింటయ్. నీకు గుట్ట చూడాల్నంటే బయటికొచ్చి సిద్ధుల గుట్ట చూడు. అది ఏం తినదు" అని తీసేశాడు. అక్షరాల రకాలు నా దగ్గర వంద దాకా ఉండేవి. పదో పన్నెండో ఉంచి మిగతావన్నీ మూటగట్టి ఫ్లాపీలోకి ఎక్కించాడు. "పెండ్లి ఒక్కటే గద, దానికి ఇన్ని రకాల అచ్చరాలేంది?" అని పైగా ఒక మాట. నాకు ఒళ్లు మండింది గానీ, మిషన్ మాత్రం ఆ రోజు నుంచి పరుగెత్తింది.

ఇక రబ్బరు సంగతి. మా సందులో పసుపు సీజన్ వచ్చిందంటే దుమ్ము కూడా పచ్చగానే ఉంటుంది. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, బస్తాలు దించేవాళ్లు. ఆ దుమ్ము మిషన్ లోపలికి పోయి మెమరీ ముక్కల అంచుల మీద కూర్చుంటుంది. అప్పుడు ఉన్న మెమరీని కూడా మిషన్ గుర్తుపట్టదు. ఆయన డబ్బా మూత తీసి, ఆ ముక్కలను రెండు వేళ్లతో ఊడదీసి, వాటి అంచులకుండే బంగారు రంగు గీతలను రబ్బరుతో మెల్లగా రుద్దేవాడు. పసిపిల్ల చెవి తుడిచినంత మెల్లగా. తుడుస్తూ "గిదే దీని పానం" అనేవాడు.

ఆ మాట నేను మరీ మనసుకు పట్టించుకున్నాను. దసరాకు మేము పనిముట్లకు పూజ చేస్తాం. టైపు మిషన్లకు పెట్టాను, జిరాక్సుకు పెట్టాను, పేపరు కోసే కత్తికి పెట్టాను. కంప్యూటరుకు పైన బొట్టు పెడితే ఏం బాగుంటుంది, పానం లోపల ఉంటే? ఆయన చేసినట్టే మూత తీసి, ఆ మెమరీ ముక్కలకు తడి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండం పెట్టుకుని మూత మూసేశాను. తెల్లారి మీట నొక్కితే మిషన్ మూడు కూతలు కూసి ఊరుకుంది. తెర వెలగలేదు.

ఆయన వచ్చాడు. చాయ్ తాగాడు. మూత తీశాడు. ముక్కల మీది బొట్లను ఒక్కొక్కటిగా చూశాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, తిడితే పారిపోవడానికి వీలుగా.

"పసుపు పండే ఊర్ల ఉండుకుంట, పసుపు యాడ పెట్టాల్నో తెల్వకపాయెనా బిడ్డా" అన్నాడు చివరికి. భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది. గంటసేపు రుద్ది రుద్ది పసుపంతా తీశాడు. రబ్బరు మీద పచ్చ మరక ఆ రోజు పడ్డదే. కొత్త రబ్బరు కొనిస్తానంటే వద్దన్నాడు. "ఉండనియ్. పూజ చేసిన రబ్బరు" అన్నాడు. ఈ కథ ఊళ్లో ఎవరికైనా చెప్పాడేమో అని ఏడాదిపాటు భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు అసలు రోజు గురించి చెప్పాలి. ఇంతసేపు వాయిదా వేస్తూ వచ్చాను.

వేల్పూర్ నుంచి ఒక ముసలాయన నా దగ్గరకు వచ్చేవాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పసుపు పండించిన రైతు. తాత అని పిలిచేదాన్ని. సంతకం తప్ప రాయడం రాదు. గొంతులో గడ్డ లేచింది, ఆపరేషన్ చేసి గొంతు పెట్టె తీసేయాలని హైదరాబాదు దవాఖానాలో చెప్పారు. ఆ తర్వాత మాట రాదు. ఆయన ఏడవలేదు. బస్సెక్కి నా దగ్గరకు వచ్చాడు.

"గొంతు పోయినంక ఎవడు అడిగినా చెప్పరాదు బిడ్డా. నాకు తెలిసింది నాతోనే పోతే ఎట్ల? నేను చెప్త, నువ్వు కొట్టు. చిన్న పుస్తకం చెయ్యాలె" అన్నాడు. అంతకుముందు మేనల్లుడితో రాయిస్తే వాడు ప్రతి మాటా బడి తెలుగులోకి మార్చేశాడట. "నేను చెప్పిన మాట నాకే సమజ్ కాలే" అని నా దగ్గరకు వచ్చాడు. నేను ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టేదాన్ని.

పది పొద్దులు చెప్పాడు. ఏ నేలకు ఏ రకం, దుంప కుళ్లు తెగులు పట్టిందని ఆకు చూసి ఎలా తెలుసుకోవాలి, ఉడికేటప్పుడు నురుగు చూడాలా వాసన చూడాలా. మెడకు తువ్వాలు చుట్టుకుని, బొంగురు గొంతుతో, మధ్య మధ్య నీళ్లు తాగుతూ చెప్పాడు. పదో పొద్దు ఆఖరిది. ఆ మధ్యాహ్నమే హైదరాబాదు బస్సు. మర్నాడు దవాఖానాలో చేరాలి. ఆ రోజు పొద్దున్నే వచ్చి మూడు గంటలు ఆపకుండా చెప్పాడు. పదకొండు పేజీలు అయ్యాయి.

ఆ మూడు గంటల్లో నేను ఒక్కసారి కూడా సేవ్ కొట్టలేదు.

తెలియక కాదు. పుస్తకం పెరిగేకొద్దీ నా మిషన్ మళ్లీ మొదటికొచ్చింది. సేవ్ కొడితే ఒక నిమిషం బిగుసుకుపోయి, గురగురమని చప్పుడు చేసి, ఒక కూత కూసేది. ఆ చప్పుడుకు తాత ఆగిపోయేవాడు. ఆగితే దగ్గు వచ్చేది. దగ్గు వస్తే మళ్లీ గొంతు పెగలడానికి చాలాసేపు పట్టేది. పెద్దమనిషి మిగిలిన గొంతంతా కూడదీసుకుని చెబుతుంటే మధ్యలో ఎలా ఆపుతాం? మర్యాద అనుకున్నాను. అయిపోయాక ఒక్కసారే కొడదాంలే అనుకున్నాను.

తాత లేచాడు. నా నెత్తిన చెయ్యి పెట్టి, "అయిపాయె బిడ్డా, ఇగ నా కడుపుల ఏం లేదు" అని చెప్పి బస్టాండుకు పోయాడు. నేను సేవ్ కొట్టాను. పెట్టె వచ్చింది. మెమరీ చాలడం లేదు. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. ప్రింటు ఇద్దామంటే దానికీ అదే పెట్టె. ఆపి మొదలుపెడితే తెర మీద ఉన్నదంతా పోతుంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి రెండు నెలలు. అన్నిటికీ మించి, ఆ రోజుల్లో మాకు రెండింటికి కరెంటు కోత. గడియారం చూస్తే పన్నెండున్నర.

షట్టరు సగం దించి, పాత బస్టాండు దగ్గర ఆయన దుకాణానికి పరుగెత్తాను. ఏదో రేడియో విప్పుకుని కూర్చున్నాడు. "సేవ్ అయితలేదు కాకా, జల్ది రా" అన్నాను. ఆయాసంలో అంతకంటే మాట రాలేదు. తాత సంగతి గానీ, ఆపరేషన్ సంగతి గానీ చెప్పలేదు. ఆయనకు ఇది రోజూ ఉండే గొడవే.

వచ్చాడు. కుర్చీ లాక్కున్నాడు. "చాయ్ చెప్పు బిడ్డా."

"కాకా, ఇయ్యాల వద్దు..."

"మిషన్ యాడికి పోదు. ఆగమైతే చేతులు తప్పు కొడ్తయ్" అన్నాడు.

హోటల్లో అప్పుడే పాలు పొంగిస్తున్నారట. చాయ్ రావడం ఆలస్యం, సాసర్లో చల్లార్చడం ఆలస్యం. నేను గోడకు ఆనుకుని గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. చెప్పేయాల్సింది. గొంతు విప్పితే ఏడుపు వస్తుందేమోనని ఊరుకున్నాను. సాసరు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "ఆ, ఇగ చెప్పు" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఏడుపు ఎలాగూ వచ్చింది.

ఆయన ముఖం అలా మారడం నేను అంతకుముందు చూడలేదు. గడియారం వంక చూశాడు. ఒంటిగంట దాటింది. వెంటనే కీబోర్డు ముందుకు జరుపుకున్నాడు. ఒక్కొక్కటీ మూస్తూ పోయాడు. తెర మీద గడియారం మూశాడు. ప్రింటరు వరుసలో ఉన్న పనిని తీసేశాడు. ఏవేవో తెరలు మూశాడు. ప్రతిదాని తర్వాత సేవ్ కొట్టి చూశాడు. ప్రతిసారీ అదే పెట్టె. ఫ్లాపీ పెట్టి చూశాడు, అదే. ఇంకోసారి కొట్టేసరికి తెర ఒక్క క్షణం తెల్లబడి, మళ్లీ అక్షరాలు వచ్చాయి.

ఆయన రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసేశాడు.

"ఇగ దీన్ని సతాయించద్దు. ఇంకోసారి కొడ్తే మొత్తమే పోతది. పెన్ను ఇయ్యి."

"పెన్నెందుకు?"

"మిషన్ కాపాడదు బిడ్డా. మనం రాసుకుందాం. నువ్వు సదువు, నేను రాస్త. జల్ది."

జేబులో పెన్ను పెట్టుకోని మనిషి నా పెన్ను లాక్కుని, బల్ల మీది తెల్లకాగితాల కట్ట ముందుకు జరుపుకున్నాడు. నేను తెర మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. ఆయన చేయి కదలడం చూసి నోట మాట ఆగిపోయింది. కుడి నుంచి ఎడమకు రాస్తున్నాడు. ఉర్దూ.

"ఆగకు, సదువు! నా సదువు ఉర్దూలనే అయింది. తెలుగు రాస్తే పలక మీద దిద్దినట్టు రాస్త, పొద్దుమీకుతది" అన్నాడు తల ఎత్తకుండానే.

తాత చెప్పిన తెలుగు మాటలన్నీ ఉర్దూ అక్షరాల్లో కాగితం మీద పడుతున్నాయి. నేను ఊపిరి తీసుకునే లోపల ఆయన వాక్యం అయిపోయేది. "ఆఁ", "ఆఁ" అని మాత్రం అనేవాడు. నుదుటి మీది చెమట ముక్కు మీదికి జారుతున్నా తుడుచుకోలేదు. ఒక పేజీ, రెండు పేజీలు, ఆరు, తొమ్మిది. పదో పేజీ అయిపోయి పదకొండోది తెర మీదికి తెచ్చాను. విత్తనం పసుపును వచ్చే ఏడాదికి ఎలా దాచిపెట్టాలో చెప్పిన పేజీ అది. "విత్తనం పసుపును" అని చదివాను. ఫ్యాను మెల్లబడింది. తెర ఒక చుక్కగా ముడుచుకుని ఆరిపోయింది.

ఏనాడూ వేళకు రాని కరెంటు, పోవడానికి మాత్రం వేళ తప్పదు.

ఆయన చేతిలో పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది. కాసేపటికి ఆ కాగితం మీదే ఇంకేదో రాశాడు. "ఏం రాసినవ్ కాకా?" అంటే, "ఏం లేదు, టైము" అన్నాడు. కాగితాలు వరుసగా పేర్చి నా చేతికిచ్చాడు.

సాయంత్రం కరెంటు వచ్చాక ఆయన చదివాడు, నేను కొట్టాను. ఒక్కోచోట తన రాత తనకే అర్థం కాక కళ్లద్దాలు పైకి కిందికి జరుపుకున్నాడు. ప్రతి పేరాకు నా చేత సేవ్ కొట్టించాడు. కొట్టేదాకా తర్వాతి మాట చెప్పలేదు.

"ఇగ ఎవరు చెప్తున్నా సరే, నడుమల ఆపి కొట్టాలె" అన్నాడు. "పెద్దోళ్లు ఆగుతరు. కరెంటు ఆగదు."

పది పేజీలు దక్కాయి. పదకొండోది పోయింది. పంట పండించడం ఎవరైనా చెబుతారు, విత్తనం దాచడమే అసలు విద్య అని తాత పది రోజులూ ఊరిస్తూ వచ్చిన పేజీ అది. రెండు నెలల తర్వాత తాత ఇంటికి వచ్చాడని తెలిసినా నేను పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోను? ఒకరోజు పొద్దున్నే కాక దుకాణం ముందుకు వచ్చి నిలబడ్డాడు. సంచి లేదు. "నడువు, వేల్పూర్ పోదాం" అన్నాడు. ఆయనకేం పని అని నేను అడగలేదు. తోడు వస్తున్నాడు, అంతే చాలనుకున్నాను.

తాత మెడకు తువ్వాలు అలాగే ఉంది. కాళ్లకు దండం పెట్టి, పేజీ పోయిందని చెప్పి ఏడ్చాను. ఆయన నవ్వాడు. చప్పుడు లేని నవ్వు. నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయాడు. నీడ ఉన్న చోటు చూపించాడు. దుంపలు తెచ్చి, చెడ్డదాన్ని వేలితో నొక్కి పక్కకు విసిరాడు, మంచిదాన్ని ఉంచాడు. కుప్పగా పోశాడు. మీద పసుపు ఆకు పరిచాడు. మట్టీ పేడా కలిపి అలికినట్టు గాలిలో చెయ్యి తిప్పాడు. పైన వేలితో బొక్క పెట్టి, దాని దగ్గర ముక్కు పెట్టి గాలి పీల్చి చూపించాడు. నేను మాటల్లో చెప్పేదాన్ని, తాత తల ఊపేవాడు లేదా అడ్డంగా తిప్పేవాడు. కాక నేల మీద గొంతుకూర్చుని, కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోయాడు. ఆ పేజీలో తాత మాట ఒక్కటీ లేదు. పుస్తకం చదివిన రైతులు మాత్రం అదే అన్నిటికంటే బాగుందన్నారు.

ఆ తర్వాత ఆయన నా దుకాణానికి చాలా ఏళ్లు వచ్చాడు. ఒక్కటే మార్పు. వస్తూనే మిషన్ ముందు కూర్చునేవాడు. మూత తీసేవాడు, లేదా తెర చూసేవాడు. ఏం పోతది, ఎవరిది, ఎప్పటిలోగా కావాలె అని ముందే అడిగేవాడు. నేను తెప్పించిన చాయ్ పక్కన చల్లారిపోయి మీగడ కట్టేది. పని అయ్యాక ఆ చల్లటి చాయ్‌నే ఒక్క గుక్కలో తాగి పోయేవాడు. సాసరు ముట్టుకునేవాడు కాదు.

"షుగరొచ్చిందా కాకా? చాయ్ మీద ప్రేమ తగ్గింది" అని ఏడిపించాను ఒకసారి.

"గంతే అనుకో" అన్నాడు.

నేను అంతే అనుకున్నాను.

ఆయన పోయిన కబురు విన్నాక ఆ కాగితాలు వెతికాను. పాత ఫైలులో ఉన్నాయి, అంచులు చితికిపోయి. నాకు ఒక్క అక్షరం రాదు. అయినా ఆయన చేతిరాత కదా, ఎవరైనా చదివితే ఒక్కసారి వినాలనిపించింది. మా వీధి చివర ఉర్దూ బడిలో పంతులమ్మ ఉంది. ఆమె దగ్గరకు తీసుకుపోయాను. నాలుగు మాటలు కూడబలుక్కుని నవ్వింది.

"ఇది ఉర్దూ కాదమ్మా. అచ్చరాలే మావి, మాటలన్నీ మీవే."

"చదువమ్మా" అన్నాను.

మెల్లగా చదివింది. నేల, దుంప, నురుగు, వాసన. కళ్లు మూసుకుంటే తాత గొంతు, కాక గొంతు ఒకదాని వెనక ఒకటి వినిపించాయి. ఆఖరి కాగితం తీసింది. "విత్తనం పసుపును" అని చదివి ఆగింది.

"అంతే కదా?" అన్నాను.

"కింద ఇంకొకటి ఉంది. చిన్నగ రాసిండ్రు" అని కాగితం కిటికీ దగ్గరకు పట్టుకుని, ఒక్కో మాటా విడదీసి చదివింది.

"చాయ్ తాగకుండ కూసుంటే గీ పేజీ గూడ దక్కుతుండె. తప్పు నాది. పిల్లది గాదు."

ఆమె కాగితం నా చేతికిచ్చింది. నేను ఆ మూడు గంటలూ సేవ్ కొట్టకపోవడం నా తప్పని ఇన్నేళ్లూ మోశాను. తాత ఆపరేషన్ సంగతి చాయ్‌కి ముందే చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పని మోశాను. ఆయన ఏమీ అనకపోతే, నన్ను బాధ పెట్టడం ఇష్టం లేక అనడం లేదనుకున్నాను. ఆయన కూడా అదే పేజీని మోస్తున్నాడని నాకేం తెలుసు? నా బల్ల మీద ఎన్ని చాయ్‌లు మీగడ కట్టాయో లెక్కే లేదు. ఒక్కటంటే ఒక్కదాని ముందు కూర్చుని ఆయన ఆ మాట పైకి అని ఉంటే, సాసరు ఆయన ముందుకు జరిపి నేనూ ఒక మాట చెప్పేదాన్ని. నీ తప్పు కాదు కాకా, నేనే చెప్పలే. వేడిగున్నప్పుడే తాగు.